ఆకు దిగని రోజు

మా వంటింట్లో ఆ ఏడాది రెండు పొయ్యిలు వెలిగేవి. ఒకటి నాది, రెండోది మా అత్త సలోమినాది. మధ్యన మూడడుగుల జాగా. ఆ మూడడుగులూ దాటి ఆమె గరిటె నా కుండలో పడడానికి గానీ, నా ఉప్పు ఆమె కుండలో పడడానికి గానీ వీల్లేదు. మా ఆయన యోరిస్ మాత్రం రెండు పొయ్యిల దగ్గరా కూర్చుని తినేవాడు. రెండు చోట్లా “ఇదే బాగుంది” అనేవాడు. బతకనేర్చిన మనిషి.

పొయ్యిలు వేరుపడింది సముద్రం మూలంగా. మా దీవిలోని కపలేమ్ ఊరికి ఎదురుగా ఒక పగడపు గట్టు ఉంది. అంతకుముందు అక్టోబరులో చర్చి సమావేశంలో లేచి నిలబడి, ఆ గట్టుని ఒక్క ఏడాదిపాటు ఆడవాళ్ళ చేతికి ఇమ్మని అడిగాం. ఇస్తే ససీ వేస్తాం అన్నాం. ససీ అంటే సముద్రానికి తాళం వెయ్యడమే. నాలుగు మూలలా నాలుగు కర్రలు పాతుతాం. వాటి నడుమ అడుగున ఉన్నది ఏదీ ఎవరూ ముట్టకూడదు. ఏడాది తిరిగాక ప్రార్థన చేసి తెరుస్తాం. దొరికిన శంఖాలూ, రాతిరొయ్యలూ, సముద్రపు దోసకాయలనే మెత్తటి జీవాలూ అమ్మి ఆడవాళ్ళ పేరు మీద ఒక ఇంజిన్ పడవ కొంటాం. ఎందుకంటే మా ఊళ్ళో ఇంజిన్ పడవలన్నీ మగవాళ్ళవి. ఆడదానికి నొప్పులు మొదలయ్యే వేళకి అవి ఎప్పుడూ వేటలోనే ఉంటాయి.

ఈ సంగతి నాకంటే బాగా తెలిసినవాళ్ళు లేరు. నా రెండో కొడుకు ఆస్పత్రికి పోయే దారిలో, తెడ్డు పడవలో, నడిసముద్రంలో పుట్టాడు. తెడ్డు వేస్తున్నది మా అత్తే. ఒక చేత్తో బిడ్డని పట్టుకుని, రెండో చేత్తో తెడ్డు వేస్తూ, మూడో చెయ్యి లేదు కనక నోటితో నన్ను తిడుతూ ఒడ్డు చేర్చింది.

కాబట్టి పడవ కావాలన్న మాట దగ్గర మా అత్తకి పేచీ లేదు. పేచీ అంతా తాళంతోనే. డెబ్బై దాటిన మనిషి, ఊళ్ళో ఆమెని మించి మునిగేవాళ్ళు అప్పటికీ లేరు. కుండ పొయ్యి మీద పెట్టి సముద్రంలోకి దిగేది. నీళ్ళు మరిగేలోగా కూరకి కావలసింది పట్టుకుని తిరిగొచ్చేది. అలాంటి మనిషి ఎదుట నేను, పక్క దీవి సాలవాటి నుంచి కోడలిగా వచ్చి పంతొమ్మిదేళ్ళే అయినదాన్ని, ఆడవాళ్ళందరూ తమ పెద్దగా ఎన్నుకుంటే వెళ్ళి కర్రలు పాతి వచ్చాను.

“నా వంటింటికి తాళం వేశావే, సాలవాటి పిల్లా,” అంది ఆ సాయంత్రం. మర్నాడు పొద్దున్నే ఏటిగట్టు నుంచి మూడు నల్లరాళ్ళు మోసుకొచ్చి వేరే పొయ్యి పెట్టుకుంది. అయితే ఒక్కటి చెప్పాలి. ఆ ఏడాదంతా ఆ కర్రల మధ్య నుంచి ఒక్క గవ్వ కూడా ముట్టలేదు. ఒడ్డున కూర్చుని వక్క నములుతూ, గట్టు కేసి చూస్తూ, వచ్చేపోయేవాళ్ళందరికీ వినపడేలా నన్ను తిట్టుకుంటూ కాపలా కాసింది. కాపలా అని ఆమె ఒప్పుకోదనుకోండి.

ఆ సమావేశంలోనే మా బావగారు హెర్కానుస్, అంటే ఆమె పెద్దకొడుకు, ఒక షరతు పెట్టాడు. గడువుకి ఒక్కరోజు ముందు తాళం ఊడినా గట్టు మళ్ళీ మగవాళ్ళదే, ఇంకోసారి అడగకూడదు. అందరూ సరే అన్నారు. మేమూ సరే అన్నాం. ఆ తర్వాత ఆయన నన్ను చూసినప్పుడల్లా “మరదలా, తాళం తుప్పు పట్టిందా?” అని అడిగేవాడు. ఏడాదిలో ఎన్నిసార్లు అడిగాడో లెక్క పెట్టి ఉంటే పడవ మీద రాయడానికి నంబరు దొరికేది.

కర్రలు పాతితే చాలదు. ప్రతి కర్ర తలకీ లేత కొబ్బరాకు, ఒక ఎర్రగుడ్డ కడతారు. పాస్టరుగారు ప్రార్థన చేస్తారు. ఆకు ఉన్నన్నాళ్ళూ సముద్రం మూసి ఉన్నట్టు. ఆకు దిగితే తెరిచినట్టు. మా ఊళ్ళో పాకే పిల్లలకి కూడా తెలిసిన విషయం. నాలుగు ఆకులూ నేనే కట్టాను. దక్షిణపు గాలి మొదలుకాగానే ఊడిపోతాయని మా అత్త జోస్యం చెప్పింది. సాలవాటివాళ్ళకి సాగో మోపులు కట్టడం తెలుసుగానీ సముద్రపు ముడి తెలియదట. ఆ ఏడు దక్షిణపు గాలి జూన్‌లో వచ్చి అక్టోబరు రెండో వారం దాకా కదల్లేదు. ఇళ్ళ కప్పులు లేచాయి, రెండు పడవలు బద్దలయ్యాయి. ఆకులు ఎండి, వన్నె పోయి, పీలికలై వేలాడాయిగానీ ముళ్ళు ఊడలేదు.

గాలి ఆగిన మర్నాడే సురబాయా పట్నం నుంచి చదువుకునే పిల్లలు దిగారు. పన్నెండు మంది, పదిహేడు పద్దెనిమిదేళ్ళవాళ్ళు. వెంట పాక్ విచాక్ అనే పంతులు. పది రోజులుండి అడవీ పగడాలూ చూసి, రాసుకుని, ఆఖరిరోజు ఆదివారం మేం ససీ తెరవడం కూడా చూసి వెళ్ళాలని వాళ్ళ ఏర్పాటు. ఇంటికొకరు ఇద్దరు చొప్పున పంచుకున్నాం. మా ఇంటికి కినాంతి అనే పిల్ల వచ్చింది. కళ్ళజోడు, మెడలో తాడుకి వేలాడే పెన్ను, నీళ్ళు తగిలినా తడవని పుస్తకం. నన్ను “ఇబూ” అనేది, అంటే అమ్మా అని. మా అత్తని “ఓమా” అనేది, అంటే అమ్మమ్మా అని.

మొదటి సాయంత్రం పిల్లలందరినీ కూర్చోబెట్టి జాగ్రత్తలు నేనే చెప్పాను. పగడం మీద కాలు పెట్టొద్దు, చేప పట్టొద్దు, శంఖం తియ్యొద్దు, ఆ నాలుగు కర్రల మధ్య ఏమీ ముట్టొద్దు అన్నాను. బుద్ధిగా రాసుకున్నారు. ఆకు సంగతి చెప్పలేదు. దాచి కాదు, చెప్పాలని తోచలేదు. అందరికీ తెలిసిన విషయం ఎవరైనా చెబుతారా? ఆ రాత్రి మీలో ఎవరు అడిగినా అదే అని ఉండేదాన్ని.

రెండోరోజు మానులోని పిండి కోసం సాగో చెట్టు కొట్టడానికి అడవిలోకి తీసుకెళ్ళాం. మా అత్త కూడా వచ్చింది, నా వెంట కాదు, నాకు ముందు. అడవిలో తేమకి పిల్లల కళ్ళజోళ్ళు మసకబారాయి. పెద్ద ముక్కు పక్షుల జంట నెత్తి మీద నుంచి రెక్కల చప్పుడుతో పోతుంటే అందరూ కూర్చుండిపోయారు. కినాంతి కనపడిన ప్రతి ఆకునీ చూపించి “దీని పేరేంటి ఓమా?” అని అడిగింది. మా అత్త మొదటి పదింటికి సరైన పేర్లు చెప్పింది. తర్వాత విసుగొచ్చి మా బంధువుల పేర్లు చెప్పడం మొదలుపెట్టింది. ఆ పిల్ల పుస్తకంలో ఈనాటికీ హెర్కానుస్ అనే ముళ్ళతీగ ఒకటి ఉండే ఉంటుంది.

పడిన చెట్టు మానులోంచి తెల్లటి పురుగులు తీసి ఆకులో పెట్టి ఇస్తే పట్నం పిల్లలంతా వెనక్కి జరిగారు. కినాంతి మాత్రం కళ్ళు మూసుకుని ఒకటి నోట్లో వేసుకుంది. నమిలింది. కళ్ళు తెరిచి, జీడిపప్పులా ఉంది, ఇంకోటి ఇవ్వండి అంది. మా అత్త ఆ పిల్లని కింది నుంచి పైదాకా చూసింది. ఆ రాత్రి తన పొయ్యి మీద వండిన పసుపు పులుసు కినాంతికి వడ్డించింది. పంతొమ్మిదేళ్ళలో నాకు దొరకని చేప తలకాయ ముక్క ఆ పిల్లకి రెండోరోజే దొరికింది. నాకు ఒళ్ళు మండింది, ఉన్నమాటే చెబుతున్నాను.

బుధవారం పొద్దున పాక్ విచాక్ వచ్చి పిల్లలు ఊరికి ఏదైనా సేవ చేస్తామంటున్నారు అన్నాడు. దక్షిణపు గాలి తెచ్చి పోసిన చెత్త ఒడ్డంతా ఉంది కదా, అది ఏరమన్నాను. చిన్న పడవలు ఇచ్చాను. నీళ్ళలో చిక్కుకున్న వలముక్కలూ ప్లాస్టిక్ తాళ్ళూ కూడా తీసెయ్యమన్నాను. నా నోటితో నేనే అన్నాను.

తొమ్మిదింటికి కినాంతి పెరట్లోకి వచ్చింది, తడిసి ముద్దై, భుజాన బస్తాతో, మొహం వెలిగిపోతూ. బస్తా నా కాళ్ళ దగ్గర బోర్లించింది. సీసాలు, చెప్పులు, నైలాను తాళ్ళు. వాటి మధ్య ఎండిపోయిన కొబ్బరాకు పీలికలు, రంగు వెలిసిన ఎర్రగుడ్డలు.

“ఆ నాలుగు కర్రలూ ఎంత చెత్త పట్టుకుని ఉన్నాయో ఇబూ. ముళ్ళు ఎంతకీ ఊడలేదు, కత్తితో కోశాం. ఇప్పుడు నాలుగూ శుభ్రంగా ఉన్నాయి,” అంది.

నేను ఆ గుడ్డపీలికలు చేతిలోకి తీసుకుని నేల మీద కూర్చుండిపోయాను. ఆ పిల్ల మొహంలో వెలుగు మెల్లమెల్లగా ఆరిపోయింది. ఏం చేశానని అడిగింది. చెప్పాను. చెబుతుంటే ఆ పిల్లకి వెక్కిళ్ళు వచ్చాయి. నిజానికి అప్పుడు ఆ పిల్లని ఓదార్చే తీరిక నాకు లేదు. చేతులు కాలాక ఆకులు పట్టుకోవడం అంటారే, అచ్చంగా అదే చేశాను. కొడవలి తీసుకుని కొబ్బరిచెట్టు దగ్గరికి పరిగెత్తాను. మగవాళ్ళు వేట నుంచి వచ్చి నిద్రపోతున్నారు. పాస్టరుగారు పక్క దీవిలో ఎవరినో సమాధి చెయ్యడానికి వెళ్ళారు, సాయంత్రం పడవకి గానీ రారు. ఎవరూ చూడలేదు. నాలుగు ఆకులు, నాలుగు గుడ్డలు, అరగంట పని.

మా అత్త చెట్టు కింద నిలబడి ఉంది. ఎప్పుడు వచ్చిందో, ఎంత విన్నదో. కొడవలి నా చేతిలోంచి తీసుకుంది.

“దొంగచాటుగా కట్టింది ముడి కాదే, ఉచ్చు. ఎప్పుడో ఒకనాడు నీ కాలికే పడుతుంది,” అంది.

“నాలుగు రోజులే ఉంది అత్తా. చెబితే పోతుంది. ఏడాది పోతుంది, పడవ పోతుంది.”

“చెప్పకపోతే ఉంటుందా? ఈ పిల్ల నోరు ఎవరు కడతారు? నా నోరు ఎవరు కడతారు?” ఆ రెండోది నిజంగానే ఎవరివల్లా అయ్యే పని కాదు. “పోయి శంఖం ఊదు. ఊరంతా వచ్చేలా ఊదు. కాస్త మెల్లగా నడిచి వెళ్ళు, నాకు కాస్త వ్యవధి కావాలి.”

వ్యవధి ఎందుకో చెప్పలేదు. చర్చి అరుగు మీద శంఖం తీసి ఊదాను. కళ్ళు నులుముకుంటూ ఊరంతా చేరింది. జరిగింది చెప్పాను. పిల్లలు తెలియక తీశారు, ఆకు సంగతి వాళ్ళకి చెప్పనిది నేను, చెత్త తియ్యమని పంపింది కూడా నేనే అన్నాను. పాక్ విచాక్ తల వంచుకుని కాదు, తప్పు తనదన్నాడు. ఎవరూ వినిపించుకోలేదు. మగవాళ్ళలో ఒక కదలిక వచ్చింది. ఒక్కొక్కరే ఇళ్ళవైపు జారుకున్నారు. నీళ్ళలో చూసే అద్దాల కోసం, బల్లేల కోసం అని చెప్పక్కర్లేదు. మా బావగారు వెళ్తూ వెళ్తూ నా ముందు ఆగాడు. తుప్పు గురించి ఏదో అంటాడనుకున్నాను. అనలేదు. ఆకు దిగింది కదా మరదలా, అని మాత్రం అన్నాడు. జాలిగానే అన్నాడు. దానికే నాకు ఏడుపు వచ్చింది.

అప్పుడు బెర్థా అరిచింది. బెర్థా మా పక్కింటి ఆవిడ, ఆ ఏడాదంతా నాతో కాపలా కాసిన మనిషి. చెయ్యి చాచి సముద్రం వైపు చూపిస్తోంది. దూరాన, నాలుగో కర్ర దగ్గర, ఇసుక మేట మీద మోకాళ్ళ లోతు నీళ్ళలో మా అత్త నిలబడి ఉంది. నెత్తిన లేత కొబ్బరాకు, దాని చుట్టూ ఎర్రగుడ్డ. భుజానికి వక్కల సంచి.

మేం ఒడ్డుకి పరిగెత్తాం. మా అత్త గొంతు నీళ్ళ మీద నుంచి తేలుతూ వచ్చింది.

“ఇంకా మూడు కర్రలున్నాయి. మీకు కాళ్ళు లేవా?”

బెర్థా ఒక దానికి, ఆడవాళ్ళలోంచి అగుస్తినా ఒక దానికి, నేను మా అత్తకి దగ్గరి దానికి వెళ్ళి నిలబడ్డాం. ఎందుకు నిలబడ్డామో మాకే సరిగా తెలియదు. ఇసుక దారి చూసుకుంటూ కినాంతి కూడా వచ్చింది, నన్ను దాటి మా అత్త దగ్గరికి పోయింది. తీసింది నేనే కదా, నేనే నిలబడతాను, మీరు వెళ్ళండి ఓమా అంది.

“ఈత వచ్చా?” అని అడిగింది మా అత్త.

“కొలనులో వచ్చు.”

“ఇది కొలనే, కాస్త పెద్దది. నిలబడు.”

కాసేపటికి నాలుగు పడవలు వచ్చాయి. ముందు పడవలో మా బావగారు, అద్దాలు నుదుటి మీదికి తోసుకుని. తల్లికి రెండు బారల దూరంలో తెడ్డు ఆపాడు. వయసు మీద పడింది, జ్వరం వస్తుంది, ఒడ్డుకి వచ్చెయ్యమన్నాడు. ఆకు దిగిపోయింది, ఇంకేముంది అన్నాడు.

“ఏ ఆకు? నేను ఇక్కడే ఉన్నానుగా,” అంది ఆమె.

“అమ్మా.”

“గాలి ఆకుని ఎత్తుకుపోతే పూర్వం ఏం చేసేవారో మీ తాతని అడుగు.”

“తాత పోయి ముప్పై ఏళ్ళయింది.”

“అందుకే నన్ను అడుగు. ఆకు పోతే, కొత్త ఆకుకి ప్రార్థన అయ్యేదాకా ఆ చోట మనిషి నిలబడాలి. నిలబడినంతసేపూ ఆకు దిగనట్టే. మా అమ్మమ్మ కాలంలో అంతే. ఒకసారి రెండు పగళ్ళు నిలబడింది ఆవిడ, ఇదే గట్టు మీద. నీకు కాదనాలని ఉంటే నన్ను పీకి పక్కన పెట్టి పో. తేలికే, బరువు లేను.”

వెనక పడవల్లో వాళ్ళు ఒకరి మొహాలు ఒకరు చూసుకున్నారు. కాదనడానికి ఆమె కంటే పెద్దవాళ్ళు ఊళ్ళో ఒక్కరూ మిగల్లేదు. తల్లిని ఎత్తి పక్కన పెట్టి ఆమె ఎదుటే రాతిరొయ్యలు పట్టుకునే కొడుకు కూడా ఊళ్ళో లేడు. మూడు పడవలు వెనక్కి తిరిగాయి. మా బావగారి పడవ వెళ్ళలేదు. రాలేదు కూడా. మధ్యలో ఉంది.

మధ్యాహ్నానికి ఆటు పోయి పోటు వచ్చింది. నీళ్ళు నడుముకి, తర్వాత గుండెలకి వచ్చాయి. మిగతా కర్రల దగ్గర ఆడవాళ్ళు వంతులు మారారు. పిల్లలూ పంతులూ కూడా వంతులు అడిగి నిలబడ్డారు, వాళ్ళ నెత్తిన కూడా ఆకు చుట్టాం. మా అత్త మాత్రం కదలనంది. ఆకు వంతులు మారుతుందా అని అడిగింది. పడవలో కూర్చోమంటే, ఆకు పడవలో కూర్చుంటుందా అంది. నేనూ కదల్లేదు, పంతానికి కొంత, భయానికి కొంత. ఆమె ఎత్తు నాకు తెలుసు. నా గుండెలకి వచ్చిన నీళ్ళు ఆమె మెడ దగ్గర ఉన్నాయి.

అన్నిటికంటే నన్ను ఆశ్చర్యపరిచింది ఆమె మాటలు. ఏడాదిగా ఆ గట్టుకేసి చూసి తిట్లు తప్ప మాట్లాడని మనిషి, ఆ మధ్యాహ్నం కినాంతికి గట్టంతా అప్పజెప్పింది. కాలి కింద చల్లగా తగిలితే అక్కడ మంచినీటి ఊట ఉన్నట్టని చెప్పింది. ఇసుక మీద రెండు చిన్న కన్నాలు కనపడితే కింద గవ్వ ఊపిరి పీలుస్తున్నట్టని చెప్పింది. చిలకచేప పగడాన్ని నమిలి ఇసుక చేస్తుందట, మనం నిలబడింది వాటి ఎంగిలి మీదేనట. ఏ రాతి కింద రొయ్య పిల్లలు పెడుతుందో, పున్నమి తర్వాత ఎన్ని రోజులకి పగడాలు గుడ్లు వదులుతాయో, అన్నీ చెప్పింది. పిల్ల పుస్తకం నీళ్ళ పైకి ఎత్తిపట్టుకుని రాసుకుంది. పక్క కర్ర దగ్గర నిలబడి నేనూ విన్నాను. సగం నాకు తెలియనివే. నాకెప్పుడూ చెప్పలేదేమని అడిగాను.

“నువ్వెప్పుడైనా అడిగావా?” అంది, నా వైపు తిరక్కుండానే.

అడగలేదు. పంతొమ్మిదేళ్ళు ఆమెకి భయపడ్డాను, కోపగించుకున్నాను, ఒక్కనాడూ అడగలేదు.

మూడింటికి గాలి లేచింది. చిన్న చిన్న అలలు ఆమె గడ్డానికి కొట్టడం మొదలైంది. కినాంతి ఆమె నడుం చుట్టూ చెయ్యి వేసి పట్టుకుంది. నేను ఇంక ఆగలేక, చాలు అత్తా, పోతే పోనీ, పడవ లేకపోతే చచ్చిపోం అన్నాను. నిండా మునిగాక చలేంటి అంది. పళ్ళు మాత్రం టకటకలాడుతున్నాయి.

అప్పుడు మా బావగారి పడవ కదిలింది. గాలివైపుకి వచ్చి, పడవని అడ్డంగా తిప్పి, తాడు ఆ నాలుగో కర్రకే కట్టేశాడు. అలలు పడవకి తగిలి ఆగిపోయాయి. తల్లి భుజాన వక్కల సంచి తడిసిపోయి ఉంటే తన సంచి విప్పి, వక్క చితక్కొట్టి, సున్నం రాసి వంగి అందించాడు. ఆమె చేతులు నీళ్ళ కిందే ఉన్నాయి. నోరు తెరిచింది. నోట్లో పెట్టాడు. పాస్టరుగారి పడవ దీవి కొన చుట్టి వచ్చేదాకా ఇద్దరూ అలాగే ఉన్నారు, తల్లి నీళ్ళలో, కొడుకు పడవలో, ఇద్దరూ వక్క నములుతూ.

పాస్టరుగారు పడవ దిగకుండానే విషయం విన్నారు. ఇలాంటి ఆచారం తానెక్కడా వినలేదని చెప్పబోయి, మా అత్త చూపు చూసి, తనది వేరే దీవి కనక తెలియకపోవచ్చని సర్దుకున్నారు. కొత్త ఆకులు వచ్చాయి. పడవలోనే నిలబడి ప్రార్థన చేశారు. నాలుగో కర్రకి ఆకు కట్టడానికి మా బావగారు చెయ్యి చాచాడు.

“నువ్వు కాదు. ఆ సాలవాటి పిల్ల కట్టాలి,” అంది మా అత్త. “దాని ముడి దక్షిణపు గాలికే ఊడలేదు. కత్తి పెట్టి కొయ్యాల్సొచ్చింది.”

నీళ్ళు కళ్ళలో ఉన్నాయో మొహం మీద ఉన్నాయో తెలియని స్థితిలో ముడి వేశాను. బాగానే పడింది.

ఆదివారం ససీ తెరిచాం. ఆకులు నా చేత్తో నేనే దించాను. ఆడవాళ్ళందరం ఒక్కసారి దిగాం. ఏడాదిపాటు ఎవరూ ముట్టని గట్టు ఎలా ఉంటుందో చూసినవాళ్ళకే తెలుస్తుంది. శంఖాలు అరచెయ్యి పట్టనంత పెరిగాయి. పిల్లలు ప్రతిదాన్నీ కొలిచి, చిన్నవాటిని మళ్ళీ నీళ్ళలో వదిలారు. మా అత్త ఒంటిగంటదాకా మునుగుతూనే ఉంది. మొదటి పెద్ద రొయ్యని పైకి తెచ్చి, ఎత్తి, ఒడ్డున ఉన్న మగవాళ్ళందరికీ చూపించింది. ఇంజిన్ పడవకి సరిపోను దొరికింది, ఇంకాస్త మిగిలింది కూడా. మర్నాడు కినాంతి వెళ్తూ మా అత్తని వదల్లేక వదిలింది. ఆ ఆచారం ఎన్నేళ్ళ నాటిదో రాసుకుంటానని అడిగితే, చాలా పాతదని రాసుకో అంది మా అత్త.

నవంబరు మొదటివారంలో గట్టుని మళ్ళీ మూశాం. ఈసారి షరతు లేదు, ఎవరూ పెట్టలేదు. నాలుగో కర్ర ఒరిగిపోయి ఉంటే, కింద ఆనించడానికి మా అత్త పడవలో మూడు రాళ్ళు తెచ్చింది. నల్లరాళ్ళు, ఒక పక్క మసి. చూడగానే గుర్తుపట్టాను. ఏమీ అడగలేదు. నాకూ కొంచెం తెలివి వచ్చింది.

తర్వాత చర్చిలో ససీ నియమాలు చదవాలి. ప్రతిసారీ మగవాళ్ళ తరఫు పెద్ద చదువుతాడు. మా బావగారు లేచాడు. అడుగున ఉన్నది ముట్టకూడదు అన్నాడు. కట్టిన చెయ్యే దించాలి అన్నాడు. గొంతు సవరించుకుని, “మూడోది. ఆకు పోతే ఆ చోట మనిషి నిలబడాలి. మా ముత్తవ్వ రెండు పగళ్ళు నిలబడింది,” అన్నాడు. ఊరంతా తలలూపింది. అందరికీ ఎప్పటినుంచో తెలిసిన విషయంలాగే ఊపింది.

నేను మా అత్త చెవి దగ్గరికి వంగాను. “అత్తా, నిజం చెప్పు. మీ అమ్మమ్మ నిజంగా నిలబడిందా?”

“మా అమ్మమ్మకి నీళ్ళంటే భయం. ఒడ్డు దిగి ఎరగదు. నువ్వు నిలబడ్డావు, నేను నిలబడ్డాను, చాలదా? నోరు మూసుకుని పాట పాడు.”

పాడాను. ఇంటికి వచ్చి పొయ్యి రాజేశాను, నా ఒక్క పొయ్యే. పులుసులో ఉప్పు వేసి గిన్నె కడగడానికి పెరట్లోకి వెళ్ళొచ్చేసరికి, మా అత్త మూడడుగులూ దాటి వచ్చి నా కుండలో తన పిడికిటితో ఉప్పు వేస్తోంది. ముందే వేశానని నేను చెప్పలేదు. అందరం కూర్చున్నాం. తలకాయ ముక్క నా ఆకులో పడింది. పులుసు నోట్లో పెట్టుకుంటే ఉప్పుకషాయం. యోరిస్ ఒక ముద్ద మింగి, నీళ్ళు తాగి, ఆమెని చూసి, నన్ను చూసి, “ఇదే బాగుంది,” అన్నాడు.

ఆ రోజు మాత్రం ఆ మాట ఒక్కసారే అన్నాడు.